మేడ మీద గాలి లెక్క: వజ్రపుకొత్తూరు (శ్రీకాకుళం జిల్లా) నుంచి ఒక డైరీ

3 అక్టోబరు 2021, ఆదివారం

గులాబ్ తుపాను తీరం దాటి వారమైంది. మా వీధిలో దాని గురించిన తగువు మాత్రం ఇంకా దాటలేదు. 26వ తేదీ రాత్రి గాలి ఎంత విసురుగా కొట్టిందన్నదే తగువు. టీ బడ్డీ దగ్గర ఒకడు నూట యాభై అంటాడు. పక్కవాడు అరవై కూడా ఉండదంటాడు. తిత్లీలో ఇంటి కప్పు పోగొట్టుకున్న పెద్దాయన "ఇదీ ఒక గాలేనేటి?" అని ఇద్దరినీ కొట్టిపారేస్తాడు.

వాతావరణ శాఖ లెక్కలో గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా 20 కిలోమీటర్ల దగ్గర దాటింది. గంటకు 75 నుంచి 85 కిలోమీటర్లు, విసురుకి 95. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఇటే, పలాస దగ్గర దాటినప్పుడు 140 నుంచి 150, విసురుకి 165. అది తుపాను మొత్తానికి చెప్పే లెక్క. మరి మా మేడ మీద ఎంత? ఎవరికీ తెలీదు. తెలీదు కాబట్టే తగువు.

నాది కాశీబుగ్గలో మోటారు రివైండింగ్ షాపు. బేరింగులు, వైర్లు, పాత ఇనుము అన్నీ చేతికందేవే. మా వీధి చివర ఉండే రిటైరైన ఫిజిక్సు మాస్టారు "అయితే కొలిచేద్దాం" అన్నారు. మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి, వాడికి కంప్యూటరు ప్రోగ్రాములంటే పిచ్చి. అలా ముగ్గురమయ్యాం. కొలవాల్సినవి మూడు: గాలి వేగం, గాలి బరువు (పుస్తకాల్లో పీడనం అంటారు), వాన. గాలి దిక్కుకి రేకుతో కోడిపుంజు ఒకటి కత్తిరించి పెడతాం, అది చూసి చేత్తో రాసుకోవడమే.

17 అక్టోబరు

గాలి వేగం కొలవడానికి చేసిన మొదటి గాలిమర ఫెయిలు. మాది కొబ్బరితోటల ఉద్దానం కదా, కొబ్బరి చిప్పలైతే ఊరి పేరు నిలబడుతుందని మురిసిపోయి నాలుగు చిప్పలు కట్టాం. ఒక్కో చిప్ప ఒక్కో బరువు. తిరిగితే చాలు పైపు మొత్తం పూనకం వచ్చినట్టు ఊగింది. పైగా బరువెక్కువ కావడంతో చిన్న గాలికి కదలదు, కదిలాక ఆగదు. గాలి పడిపోయిన పావు నిమిషానికి కూడా అది ఇంకా తిరుగుతూనే ఉంది. అలాంటిది విసురునేం కొలుస్తుంది?

ఇప్పుడు మూడు కప్పులు. పిల్లల ప్లాస్టిక్ బంతుల్ని సగానికి కోసి, సైకిలు పుల్లలకి ఎంసీల్‌తో అతికించాను. కేంద్రం నుంచి కప్పు మధ్యకి సరిగ్గా 10 సెంటీమీటర్లు. బేరింగు డ్రిల్లు మిషన్‌లోది, 608 నంబరు. కొత్త బేరింగులో గ్రీజు చిక్కగా ఉంటుంది, చిన్న గాలికి మొరాయిస్తుంది. పెట్రోల్లో కడిగేసి రెండు చుక్కలు కుట్టుమిషన్ ఆయిలు వేశాను. వేలితో తడితే చాలు, మెత్తగా తిరిగింది. గ్రీజు తీసేసిన బేరింగు ఉప్పుగాలికి ఎన్నాళ్లుంటుందో చూడాలి. అది తర్వాతి బాధ.

31 అక్టోబరు

పొద్దున మేనల్లుడు ఫోన్లో అరుపు: "మావా, గాలి 212!" కిటికీలోంచి చూశాను. అరటాకు కూడా కదలట్లేదు.

సంగతేమిటంటే, కప్పులు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా అంచునున్న చిన్న అయస్కాంతం ఒక రీడ్ స్విచ్ ముందు నుంచి వెళ్తుంది. స్విచ్ మూసుకుంటుంది, మేనల్లుడి ప్రోగ్రాముతో నడిచే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు "ఒకటి" అని లెక్కేసుకుంటుంది. కానీ ఆ స్విచ్‌లోని రెండు రేకులూ కలిసేటప్పుడు ఒకసారి తగిలి ఊరుకోవు. గచ్చు మీద వదిలిన గోలీలాగా టకటకమని నాలుగైదు సార్లు ఎగిరి, అప్పుడు కుదురుకుంటాయి. మన కంటికి ఒకటే, బోర్డుకి ఐదు. ఒకసారి తగిలాక పది మిల్లీ సెకన్ల పాటు ఏమొచ్చినా పట్టించుకోవద్దని వాడు ప్రోగ్రాములో ఒక లైను రాశాడు. నేను నా తృప్తికి స్విచ్ కాళ్ల మధ్య ఒక చిన్న కెపాసిటర్ కూడా పెట్టాను. 150 కిలోమీటర్ల గాలిలో కూడా చుట్టుకీ చుట్టుకీ మధ్య నలభై మిల్లీ సెకన్లు ఉంటాయి కాబట్టి పది ఆగితే నష్టం లేదు.

212 ఉన్న పేజీని వాడు చింపేయబోతే మాస్టారు ఒప్పుకోలేదు. "తప్పు" అని పక్కన రాయించి ఉంచేశారు.

7 నవంబరు

ఈ రోజు పని నాకు అన్నిటికన్నా నచ్చింది. సెకనుకి ఇన్ని చుట్లు తిరిగితే గాలి ఇంత అని ఎలా తెలుస్తుంది? మాస్టారు చెప్పినదాని ప్రకారం 1846లో ఐర్లండులోని ఆర్మా వేధశాలలో రాబిన్సన్ అనే ఆయన ఇలాంటి కప్పుల యంత్రం చేశాడట. కప్పు వేగం గాలి వేగంలో మూడో వంతు ఉంటుందని, కప్పు సైజు ఎంతైనా అంతేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది. ఎవరి యంత్రాన్ని వాళ్లు సొంతంగా సరిచూసుకోవాల్సిందే.

మా దగ్గర గాలి సొరంగం లేదు, బండి ఉంది. తెల్లారి ఐదున్నరకి, ఆకు కదలని వేళ, తిన్నగా ఉన్న తారురోడ్డు మీద నేను నడిపాను. వాడు వెనక కూర్చుని గాలిమర ఉన్న కర్రని నా తల మీదుగా ముందుకి ఎత్తి పట్టుకున్నాడు. బండి చీల్చిన గాలి కప్పులకి తగలకూడదు, అందుకు. వేగం మీటరులో చూడలేదు, ఫోన్ జీపీఎస్‌లో చూశాం. బండి మీటర్లు ఎప్పుడూ నాలుగు ఎక్కువే చూపిస్తాయి. 30 మీద అర నిమిషం పోతే 141 చుట్లు. అదే రోడ్డు మీద వెనక్కి వస్తే 133. అంటే ఆకు కదలకపోయినా పిల్లగాలి ఉంది. రెండింటికీ సగటు 137. ఇరవై, నలభై, యాభై మీద కూడా రానూ పోనూ చేశాం. సెకనుకి ఒక చుట్టు అంటే గంటకి ఆరున్నర కిలోమీటర్ల గాలి. ఇది మా లెక్క, మా కప్పులకి మాత్రమే పనికొచ్చే లెక్క.

పాలు తీసుకెళ్తున్న ఒకాయన ఆగి "ఏటి బాబూ, ఆ గొడుగు?" అని అడిగాడు. తుపాను కొలిచేదంటే, నా ముఖం ఒకసారి, బండి ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

16 నవంబరు

పరువు పోయింది.

గాలి బరువుకి బీఎంపీ 280 అని గోరంత సెన్సరు ఉంటుంది, వందా నూట యాభై పెడితే వస్తుంది. మేడ మీద దాన్ని తెల్లటి ప్లాస్టిక్ ప్లేట్లు ఒకదాని కింద ఒకటి బోర్లించిన గూటిలో పెట్టాం. ఎండ తగలదు, గాలి ఆడుతుంది. ఈ రోజు పొద్దున పదింటికి 1014.6 హెక్టోపాస్కళ్లు. మాస్టారు మిల్లీబార్లనే అంటారు, రెండూ ఒకటే. సాయంత్రం నాలుగింటికి 1010.9. ఆరు గంటల్లో దాదాపు నాలుగు పడిపోయింది. గాలి బరువు పడిపోతే తుపానని పుస్తకంలో చదివిన మా గుంటడు ఆగలేదు. సైకిలేసుకుని ఒడ్డుకి పోయి, వలలు బాగుచేసుకుంటున్న వాళ్లకి చెప్పేశాడు.

అక్కడ ఒక తాత ఉంటాడు, అరవై ఏళ్లు వేటకెళ్లిన మనిషి. ఆకాశం చూశాడు, సముద్రం చూశాడు. "తుపానేటి బాబూ, నీకేటయ్యింది?" అన్నాడట.

20 నవంబరు

నాలుగు రోజులు గంట గంటకీ రాసి గీత గీశాక అర్థమైంది. రోజూ పదింటికి ఎక్కుతుంది, నాలుగింటికి దిగుతుంది. రాత్రి పదింటికి మళ్లీ ఎక్కుతుంది, తెల్లారగట్ల నాలుగింటికి మళ్లీ కాస్త దిగుతుంది. సముద్రానికి పోటూ పాటూ ఉన్నట్టే గాలికీ ఉంది. సముద్రానిది చంద్రుడు నడిపేది, ఇది సూర్యుడి వేడి నడిపేది. మన లాంటి ఉష్ణమండలంలోనే ఇది బాగా కనిపిస్తుందట. చలిదేశాల్లో ఈ అల చిన్నది, అక్కడి తుపాన్ల ఎగుడుదిగుళ్లలో కలిసిపోయి కంటికి ఆనదు. మేనల్లుడు చదివిన పుస్తకం అక్కడిది. దాని తప్పేం లేదు.

ఇక నుంచి మా పద్ధతి ఒకటే: ఈ నాలుగింటిని నిన్నటి నాలుగింటితో పోల్చాలి, ఈ పదింటిని నిన్నటి పదింటితో. తేడా ఒకటిలోపు ఉంటే ఊరుకోవాలి. రెండు దాటితే కళ్లు తెరవాలి. వాతావరణ శాఖ వాళ్లూ ఇరవై నాలుగు గంటల తేడానే చూస్తారని మాస్టారు చెప్పారు. వాళ్లు ఎప్పుడో కనిపెట్టినదాన్ని మేం పరువు పోగొట్టుకుని కనిపెట్టాం.

నిన్న తెల్లారి చెన్నై దగ్గర ఒక వాయుగుండం తీరం దాటింది. మా గీతలో దాని జాడ ఉందా అని వెతికాం. ఏదో అర మిల్లీబారు. ఉందనుకుంటే ఉంది.

28 నవంబరు

గాలిమర మేడ మీద స్థిరపడింది. జీఐ పైపు, మూడు వైపులా స్టే వైర్లు. నేల నుంచి ఏడు మీటర్లు. పది మీటర్లుండాలి, చుట్టుపక్కల చెట్లుండకూడదు. ఉద్దానంలో చెట్లుండకూడదంటే ఎలా? పడమర వైపు కొబ్బరిచెట్లు మేడ కన్నా ఎత్తు. పడమటి గాలి మా దగ్గర తక్కువ చూపిస్తుందని మొదటి పేజీలోనే రాసి పెట్టాం.

వానకి 20 సెంటీమీటర్ల గరాటు, కింద డబ్బా. 31.4 మిల్లీలీటర్ల నీళ్లొస్తే ఒక మిల్లీమీటరు వాన. రోజు లెక్క పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకి.

1 డిసెంబరు, బుధవారం

థాయ్‌లాండ్ వైపు నుంచి ఒక అల్పపీడనం అండమాన్ సముద్రంలోకి వచ్చింది. వాయుగుండమై, తుపానై, శనివారం పొద్దుటికి ఉత్తరాంధ్ర, దక్షిణ ఒడిశా తీరం దగ్గరికి వస్తుందని వాతావరణ శాఖ బులెటిన్. తుపానైతే పేరు జవాద్, సౌదీ అరేబియా ఇచ్చిన పేరు. పేరు పెట్టాలంటే గాలి గంటకి 62 దాటాలి. అందాకా దానికి పేరు లేదు.

మా సెన్సరులో ఏమీ లేదు. పదింటికి 1014.5, నాలుగింటికి 1011.2. అంతా మామూలే. ఉండదు కూడా, అది ఇంకా వెయ్యి కిలోమీటర్ల పైన ఉంది. మేడ మీది యంత్రం మన నెత్తి మీదున్న గాలి సంగతి చెబుతుంది గానీ రాబోయేదాన్ని చెప్పదు. వీధిలో అడిగినవాళ్లకి ఇదే చెప్పాను. సగం మంది మొహాలు వాడిపోయాయి.

2 డిసెంబరు, గురువారం

అన్నయ్య వచ్చాడు. వరి కోసి పనలు చేలోనే ఉన్నాయి. ఇంకో రెండ్రోజులు ఆరితే గాని కుప్ప వెయ్యకూడదు, పచ్చి మీద కుప్పేస్తే గింజ వేడెక్కి రంగు మారుతుంది. వెయ్యకపోతే తడిసి మొలకెత్తుతుంది.

"నీ మిషను ఏటంటాది?"

"నా మిషన్ని అడగొద్దన్నయ్యా, బులెటిన్ని అడుగు. రేపు సాయంత్రంలోగా కుప్ప వేసీ."

"రాకపోతే?"

రాకపోతే కూలి డబ్బులు పోతాయి. వస్తే పంటే పోతుంది. అది లెక్క కట్టడానికి సెన్సరు అక్కర్లేదు. వాడూ కట్టుకున్నాడు. రేపు పొద్దున్నే మనుషుల్ని పెడుతున్నాడు.

నాలుగింటికి 1010.6. నిన్నటికన్నా 0.6 తక్కువ. ఊరుకున్నాం.

3 డిసెంబరు, శుక్రవారం

తెల్లారి ఆరింటికి మేడ ఎక్కితే కోడిపుంజు ఈశాన్యం వైపు చూస్తోంది. మామూలుగా ఈ రోజుల్లో పొద్దుట గాలి నేల మీంచి సముద్రం మీదికి పోతుంది, పుంజు వాయవ్యం చూస్తుంది. ఎండెక్కాక తిరుగుతుంది. ఇవాళ రాత్రంతా తిరగనే లేదు. నెల రోజుల పుస్తకంలో ఇలాంటి పొద్దుట ఇంకొకటి లేదు. ఒళ్లు జలదరించింది, నిజం చెప్పాలంటే.

మధ్యాహ్నానికి పేరొచ్చింది. జవాద్. అప్పటికే పలాస మీదుగా పోయే రైళ్లు వరసగా రద్దు. స్టేషన్లో మనుషులు సంచుల మీద కూర్చుని ఉన్నారు. ఒడ్డున తెప్పల్ని తాళ్లతో లాగి సరుగుడు తోటల దాకా ఎక్కించేశారు. రేపు అమావాస్య, పోటు పెద్దది. తుపాను దాని మీద ఎక్కితే నీరు ఎక్కడిదాకా వస్తుందో తాతకి తెలుసు. తెప్పలు ఎక్కడ ఆపాలో ఆయనే వేలు పెట్టి చూపించాడు.

నాలుగింటికి 1009.3. నిన్నటికన్నా 1.3 తక్కువ.

సాయంత్రం పొలం దగ్గరికెళ్లాను. కుప్ప నిలబడింది. పైన బరకం, బరకం మీద పాత టైర్లు, చుట్టూ తాళ్లు. అన్నయ్య మాట్లాడలేదు, తాడు ముడి ఇంకోసారి బిగించాడు.

4 డిసెంబరు, శనివారం

పొద్దున 10. 1010.7. నిన్న ఇదే వేళకి 1012.9. రెండు దాటింది. మేనల్లుడు ఆ అంకె కింద రెండు గీతలు గీశాడు. కిందటిసారి పరువు పోయినవాడు కదా, ఈసారి ఎక్కడికీ పరిగెత్తలేదు. నా ముఖం చూశాడంతే.

11.30. మాస్టారు మేడ మీద పాఠం పెట్టారు. గాలికి ఎదురుగా నిలబడు, కుడి చెయ్యి చాపు, కాస్త వెనక్కి జరుపు. నీ వేళ్లు చూపించే వైపే తుపాను నడుమ ఉంటుంది. భూమికి ఈ సగంలో ఎక్కడైనా ఇంతే. పుంజు ఈశాన్యానికీ తూర్పుకీ మధ్య చూస్తోంది. వాడు అటు నిలబడి చెయ్యి చాపితే తిన్నగా దక్షిణం. బులెటిన్లో విశాఖకి ఆగ్నేయంగా ఉందని రాశారు. మా ఊరి నుంచి చూస్తే అది దక్షిణమే. ఏ సెన్సరూ లేదు, ఉత్త చెయ్యి. వాడు చెయ్యి దించకుండా కాసేపు అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం 2. ఉపగ్రహం బొమ్మలో ఏదో తేడాగా ఉంది. నిన్న ముద్దగా ఉన్న మబ్బు ఇవాళ చెదిరిపోతోంది. పైగాలులు మబ్బుల్ని ఈశాన్యానికి నెట్టేస్తున్నాయి, కింద సుడి ఒంటరిగా మిగిలిపోతోంది. డిసెంబరు తుపానుకి ఉత్తరానికి రావడమంటే అంత సులువు కాదు. ఇటు వచ్చేకొద్దీ సముద్రం చల్లబడి ఉంటుంది, నేల మీంచి పొడిగాలి లోపలికి దూరుతుంది, పైన పడమటి గాలులు నెత్తి కోసేస్తాయి. హుద్‌హుద్, తిత్లీ రెండూ అక్టోబరులో వచ్చాయి. అప్పటి సముద్రం వేరు.

సాయంత్రం 4. 1007.0. నిన్నటికన్నా 2.3 తక్కువ. తెరలు తెరలుగా వాన. విసురుకి 44.

సాయంత్రం. తీవ్ర వాయుగుండంగా బలహీనపడిందని వార్త. తీరానికి తగలకుండా ఉత్తర ఈశాన్యంగా తిరిగి పూరీ వైపు పోతుందట. మొదట్నుంచీ అలా తిరుగుతుందనే చెప్పారు. ఇంత నీరసపడుతుందని మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. మూడు జిల్లాల్లో యాభై వేల మందికి పైగా ఇళ్లొదిలి పునరావాస కేంద్రాలకి వెళ్లారు. మా ఊరి తుపాను షెల్టరులో పిల్లలు పులిహోర తింటూ ఆడుకుంటున్నారు. బయట ఒకాయన "ఊరికే భయపెట్టీసినారు" అని గొణిగాడు. నాకు కోపం వచ్చింది. 2018లో ఈ షెల్టరు మెట్ల మీద తడిసి ముద్దై కూర్చున్నది ఆయనే.

రాత్రి 11.40. విసురు 52. మూడు నిమిషాల సగటు 31. మన వాతావరణ శాఖ తుపాను గాలిని మూడు నిమిషాల సగటులోనే చెబుతుంది, అందుకే మేమూ అలాగే పెట్టుకున్నాం. గాలి విసిరినప్పుడల్లా బరువు గీత కూడా సన్నగా వణుకుతోంది. గూటి కన్నాల్లోంచి గాలి ఊది పీల్చినట్టు అవుతుందని మాస్టారు ఫోన్లో చెప్పారు. అది నిజం బరువు కాదు, లెక్కలోకి తీసుకోవద్దన్నారు.

రాత్రి 12.30. కరెంటు పోయింది. బోర్డుని పవర్ బ్యాంకు మీదికి మార్చాను. తెల్లారేదాకా ఛార్జి సరిపోవాలని వైఫై ఆపేసే బటన్ నొక్కాను. ఎలాగూ రూటరు లేదు. అంకెలు మెమరీ కార్డులోకి పోతాయి. తెలివైన పనే చేశాననుకుని, చొక్కా పిండుకుని పడుకున్నాను.

5 డిసెంబరు, ఆదివారం

3.25కి అమ్మ లేపింది. పోలి పాడ్యమి, దీపాలకని లేచింది. "మేడ మీద నీ లైటు వెలగట్లేదు" అంది.

పరిగెత్తి చూస్తే బోర్డు చచ్చిపడి ఉంది. పవర్ బ్యాంకులో మూడు చుక్కల ఛార్జి ఉంది. విషయం అప్పుడు తట్టింది. పవర్ బ్యాంకులు ఫోన్ల కోసం చేసినవి. కరెంటు మరీ తక్కువ లాగితే ఫోను నిండిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. వైఫై ఆపకుండా ఉండి ఉంటే బోర్డు బాగానే లాగేది, అదీ నడిచేది. నేను ఛార్జి ఆదా చేసి దాన్ని నిద్రపుచ్చాను. ఇరవై ఏళ్లుగా మోటార్లు చుడుతున్నవాణ్ణి, నాకు తట్టాల్సింది. కార్డులో ఆఖరి అంకె 1.50ది: 1007.1, ఈశాన్యం గాలిలో విసురు 47. మళ్లీ వైఫై ఆన్ చేసి, పక్కన టార్చి లైటు కూడా తగిలించి లేపితే 3.28కి 1006.3. పుంజు వాయవ్యం చూస్తోంది.

అంటే తుపాను మాకు తూర్పుగా, సముద్రంలో, మమ్మల్ని దాటి ఉత్తరానికి వెళ్లిపోయింది. కుడి చెయ్యి ఇప్పుడు తూర్పుకి తిరిగింది. ఆ తిరిగిన ఘడియ, ఈ రెండు నెలల పనికీ మూలమైన ఘడియ, మా పుస్తకంలో లేదు.

4.30కి 1006.6. అప్పటి నుంచి ఎక్కడమే.

తెల్లారకముందే చెరువు గట్టు మీద ఆడవాళ్లు గొడుగుల కింద అరటి దొప్పల్లో దీపాలు పెడుతున్నారు. గాలి పడమర వైపు నుంచి కాబట్టి దీపాలు అవతలి గట్టుకి బుద్ధిగా పోతున్నాయి, సగం దారిలో ఆరిపోతున్నాయి. మా గీతకన్నా సరిగ్గా గాలి దిక్కు అక్కడే కనిపించింది. చేతిలో టార్చి ఉండీ నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఎనిమిదిన్నరకి డబ్బా నీళ్లు కొలిచాం. 1,900 మిల్లీలీటర్లు, అంటే 60.5 మిల్లీమీటర్లు. భారీ వర్షం అనడానికి 64.5 ఉండాలి. "మావా, ఇంకో గ్లాసుడు పోస్తే భారీ అయిపోద్ది" అన్నాడు మేనల్లుడు. సరదాకే అన్నాడు. అయినా గ్లాసు వాడి చేతికందకుండా పక్కన పెట్టాను.

కుప్ప తడవలేదు. అంచుల్లో రెండు పనలు మాత్రం.

సాయంత్రం ముగ్గురం కూర్చుని గీత గీశాం. 1.50 నుంచి 3.28 వరకు ఖాళీ. 1007.1 నుంచి 1006.3కి స్కేలు పెట్టి గీసేస్తే నున్నగా అతుకుతుంది, ఎవరికీ తెలీదు. మేనల్లుడు స్కేలు పెట్టాడు కూడా. మాస్టారు స్కేలు మీద వేలు పెట్టి ఆపారు. "అందులో ఇంకా కిందికి పోయిందేమో. నీకు తెల్సా? నాకు తెల్దు" అన్నారు. ఖాళీ ఖాళీగానే ఉంది.

12 డిసెంబరు

బేరింగు అరుస్తోంది. విప్పితే లోపల ఎర్రటి తుప్పు. అనుకున్నదే. ఈసారి పూర్తిగా కడగకుండా పల్చటి గ్రీజు వేసి, పైన సీసా మూతతో గొడుగు పెట్టాను. మళ్లీ బండి మీద కొలవాలి, పాత ఆరున్నర ఇక పనికిరాదు. పవర్ బ్యాంకు తీసేసి చిన్న బైకు బ్యాటరీ పెట్టాను. బ్యాటరీ మనం ఎంత తక్కువ లాగినా ఏమీ అనుకోదు.

గాలి తిరిగిన వేళ గురించి ఊళ్లో అడుగుతూనే ఉన్నాను. ఒడ్డున తాత షెల్టరులో పడుకోలేదట, తన ఇంటి వీధరుగు మీదే కూర్చున్నాడట. "జల్లు మొగం మీద కొట్టీది కొట్టీది, ఉన్నట్టుండి ఆగిపోనాది. పెరట్లో రేకు మోగింది. అప్పుడే తిరిగీసింది" అన్నాడు. ఎన్నింటికంటే నవ్వాడు. వాచీ లేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇదే చెబుతుంటే అమ్మ కూర వడ్డిస్తూ అంది: ఫోన్లో అలారం రెండుంపావుకి పెట్టుకుందట. లేచి వీధి తలుపు తీస్తే జల్లు లోపలికి కొట్టింది, మూసేసింది. స్నానం చేసి, పిండి కలిపి దీపాల కుందులు చేసుకుని, పెరటి తలుపు తీసింది తులసికోట దగ్గర దీపం పెడదామని. ఈసారి జల్లు అటు నుంచి కొట్టింది. దీపం ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆరిపోయింది. అగ్గిపెట్టె తడిసిపోతే ఇంకోటి వెతుక్కుని, ఆ తర్వాతే నన్ను లేపడానికొచ్చింది.

"స్నానానికీ పిండికీ ఎంతసేపు పట్టిందమ్మా?"

"అరగంట. నీళ్లు కాగబెట్టలేదు కదా."

మేనల్లుడు ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి పుస్తకం తెచ్చాడు. ఖాళీలో, రెండుంపావుకీ రెండుముప్పావుకీ మధ్య, నీలం పెన్ను పక్కన పెట్టి పెన్సిలుతో రాశాడు: గాలి వాయవ్యానికి తిరిగింది. చెప్పినది అమ్మమ్మ.